మూడు అడుగుల రెండు అంగుళాల స్నేహం

రాణి బతకాలంటే ముప్పై గంటల్లో ఆపరేషన్ జరగాలి. ఆపరేషన్ జరగాలంటే రాణి మండలం దాటాలి. మండలం దాటాలంటే రాణి స్నేహితురాలు వెంట రావాలి.

రాణి ఒక గేదె. స్నేహితురాలు కూడా గేదే.

మంగళవారం ఉదయం పదకొండు గంటలైంది. గుర్రమ్మపాలెంలో సన్యాసమ్మ పెరట్లో పశువుల డాక్టర్ నీలవేణి రాణి ఎడమ డొక్క మీద పిడికిలితో నొక్కి చెయ్యి తీసింది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. మూడు రోజులుగా నెమరు లేదు. నిన్నటి నుంచి పేడ లేదు. కడుపులో ఏదో అడ్డం పడిందని, రేపు సాయంత్రం ఐదులోగా కోసి తీయకపోతే ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరమ్మ చెప్పింది. కోసే వసతి ఉన్నది జిల్లా పశువుల ఆసుపత్రిలో. అది ముప్పై రెండు కిలోమీటర్లు.

సన్యాసమ్మకు యాభై ఐదేళ్లు. భర్త పోయాక రాణి పాల మీదే ఇల్లు నడుస్తోంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడటానికి మిగిలిన ప్రాణి కూడా రాణి ఒక్కతే. ఆమె ఏడవలేదు. కొంగు బిగించి వ్యాను సింహాచలం ఇంటికి పరిగెత్తింది.

సింహాచలం గోడకున్న తాళం చెవి వైపు చూశాడు గానీ తియ్యలేదు. పోయిన నెల ఒక దూడను ఒంటరిగా ఎక్కించుకు వెళ్తే వంతెన దగ్గర చెక్‌పోస్టులో బండి ఆపేశారు. దూడకు స్నేహితుడు దొరికేదాకా వదల్లేదు. ఆరు రోజులు పట్టింది. ఆ దూడ ఎవరితోనూ అంత తొందరగా కలిసే రకం కాదట.

“ఫారం ఏడు తెచ్చీ అమ్మా. నానూ బండీ రడీ,” అన్నాడు.

* * *

ఈ ఫారం ఏడు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్లాలి.

ఆ డివిజన్‌కు పశుసంవర్ధక శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ చిదంబరరావు. అందరూ ఏడీ గారంటారు. రాజధానిలో పెద్దాఫీసులో జాయింట్ డైరెక్టర్ కుర్చీ కోసం మూడేళ్లుగా ఆయన ప్రయత్నిస్తున్నారు. దానికి ఫైల్లో ఒక వినూత్న కార్యక్రమం ఉండాలి. ఒక ఆదివారం పేపర్లో అది దొరికింది.

ఎక్కడో విదేశంలో ఆవుల మీద పరిశోధన చేశారు. ఆవులకు ప్రాణస్నేహాలు ఉంటాయట. స్నేహితురాలు పక్కనుంటే ఆవు గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందట, విడదీస్తే దడదడలాడుతుందట. వార్త మొత్తం పది వరుసలు. తాము చూసింది ఆరు ఆవుల్నేనని, ఇప్పుడే ఏమీ తేల్చి చెప్పలేమని పరిశోధకులు అన్న మాట పదో వరుసలో ఉంది. ఆ వరుస పేపరు మడతలో పడింది.

నెల తిరక్కుండా పశు మైత్రీ పథకం వచ్చింది. సమావేశంలో డాక్టర్ నీలవేణి లేచి, పరిశోధన ఆవుల మీద కదా, మన దగ్గరున్నవి గేదెలు కదా అని అడిగింది.

“రంగు భేదం శాస్త్రానికి అడ్డు కాదమ్మా,” అన్నారు ఏడీ గారు.

నిబంధనలన్నీ ఆయనే స్వయంగా రాశారు. రెండో నిబంధన ఇది: ‘ప్రాణమిత్ర అనగా గణన కాలమందు సదరు పశువునకు అత్యంత సమీపమున గడిపిన జీవి.’ మొదట పశువు అని రాసి, మోటుగా ఉందని కొట్టేసి, జీవి అని దిద్దారు. మూడో నిబంధన: ప్రాణమిత్ర తోడు లేనిదే పశువును మండలం దాటించరాదు; అనుమతి ఫారం ఏడుపై పొందవలెను. నాలుగోది: తోడు వెళ్లే జీవికి కూడా ఇదే వర్తించును.

ఇక ఎవరికి ఎవరు స్నేహితులో లెక్క తేలాలి. స్నేహాన్ని కొలిచే సిబ్బంది శాఖలో లేరు. కొలతలంటే సర్వేయరే గుర్తొస్తాడు కాబట్టి రెవెన్యూ నుంచి భూముల సర్వేయర్ కామేశ్వర్రావును పిలిపించారు.

కామేశ్వర్రావు ముప్పై నాలుగేళ్లుగా కదలని వాటినే కొలిచిన మనిషి. గుర్రమ్మపాలెం గేదెల వెంట టేపు పట్టుకుని ఒక పూట తిరిగాడు. అవి చెరుకు తోటలోకి వెళ్లాయి, బురదలో దిగాయి, రెండుసార్లు ఆయన్నే తరిమాయి. కొలవవలసినది కదులుతుంటే కొలత చెల్లదని ఆయన రాసిచ్చాడు. బడి మైదానంలో వరుసగా నలభై మూడు మేకులు దిగ్గొట్టించి, నలభై మూడు గేదెల్నీ కట్టేయించాడు. అప్పుడు నిదానంగా, అంగుళం తేడా రాకుండా, ఏ గేదె ఏ గేదెకు ఎంత దగ్గరో కొలిచాడు.

మేకు దగ్గరుంటే స్నేహం దగ్గర. నేల పల్లానికి దిగే కొద్దీ మేకుల మధ్య ఎడం అరంగుళం చొప్పున తగ్గింది. అందువల్ల చివరిదానికి తప్ప ప్రతి గేదెకూ తన తర్వాతి గేదే ప్రాణమిత్ర అయింది.

ప్రారంభోత్సవం రోజు వేపచెట్టు నీడలో ఏడీ గారికి కుర్చీ వేశారు. ఆ పక్కనే మొదటి మేకు. దానికి రాణి. ఏడీ గారికి జరీ దండ వేస్తే, రాణి మెడ చాచి దాన్ని వాసన చూసింది. జనం నవ్వారు. ఆయన పెద్ద మనసుతో దండ తీసి రాణి మెడలో వేశారు. ఫోటో పేపర్లో పడింది. మర్నాటికి దండ కనపడలేదు, ఎవరో పట్టుకుపోయారనుకున్నారు.

గణన మూడు రోజులు జరగాలి. మేకులు కదలవు కాబట్టి మిగతా రెండు రోజులకూ కామేశ్వర్రావు ‘పై విధంగా’ అని రాశాడు. ఏడీ గారు దండ కార్యక్రమం అయ్యాక అరగంటలో జీపెక్కారు. తన క్యాంపు డైరీలో మాత్రం ఆ రోజుకు ‘ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు కుర్చీ కదలక స్వయముగా పర్యవేక్షించితిని’ అని రాసుకున్నారు. తర్వాతి రెండు రోజులకు ఆయన కూడా పై విధంగానే.

* * *

రిజిస్టరు ప్రకారం రాణి ప్రాణమిత్ర చిట్టి. చిట్టి యజమాని లెంక అప్పన్న. పక్కిల్లే. సన్యాసమ్మకు వరసకు మరిది. ఆ ఇంటి నీళ్ల తొట్టి మురుగు ఈ ఇంటి గుమ్మంలోకి వస్తుందని పంచాయితీ జరిగి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి మాటల్లేవు. తప్పనిసరైతే ఇద్దరూ గేదెలకు చెప్పుకుంటారు.

సన్యాసమ్మ దడి దగ్గర నిలబడింది. అవతల చిట్టి గడ్డి తింటోంది. దానికి గడ్డి దులుపుతూ అప్పన్న ఉన్నాడు.

“ఒలే చిట్టీ, నీ నేస్తురాలు సచ్చిపోయేలాగుంది. రేపు దాని ఎంట నువ్వు కూడా బండెక్కాలట. మీ అయ్యనడిగి సెప్పు.”

అప్పన్న తల తిప్పలేదు. “చిట్టీ, ఆవిడకి సెప్పు. తొమ్మిదేళ్లు కనపడని మనం ఇయ్యాల ఏల కనపడినామో అడుగు.”

“నీలు నీలే, గేదె గేదే. అది సెప్పు చిట్టీ.”

అప్పన్న గడ్డి దులపడం ఆపి దడి మీంచి తొంగి చూశాడు. రాణి మెడ పక్కకు వాల్చి పడుకుని ఉంది. దాని ముందు వేసిన పచ్చగడ్డి పొద్దున్న వేసినట్టే ఉంది.

“బండి ఎన్ని గంటలకి వదినా?” అన్నాడు, చిట్టితో కాదు.

ఇద్దరూ కలిసే ఏడీ ఆఫీసుకు వెళ్లారు. మధ్యాహ్నం రెండైంది. గుమాస్తా ఫారం ఏడు తీసి, రాణి పేరు, చిట్టి పేరు రాసి, కలం ఆపాడు. చిట్టి కూడా వెళ్తోందంటే నాలుగో నిబంధన చూడాలన్నాడు. చిట్టికి రాణి ప్రాణమిత్ర కాదు. మూడో మేకు బంగారి.

రాణికి చిట్టి నేస్తమైతే చిట్టికి రాణి నేస్తం కాదా అని అప్పన్న అడిగాడు.

“స్నేహాలు ఎప్పుడూ రెండు వైపులా సమానంగా ఉండవు కదండీ,” అన్నాడు గుమాస్తా, ఏదో గుర్తొచ్చినట్టు నిట్టూర్చి.

బంగారి రావాలంటే నాలుగో మేకు గేదె రావాలి. అది రావాలంటే ఐదోది. గుమాస్తా వేలు రిజిస్టరు పేజీలు తిప్పుకుంటూ వెళ్లి నలభై మూడు దగ్గర ఆగింది. ఊళ్లో గేదెలన్నీ అయిపోయాయి. సడలింపు ఇచ్చే అధికారం ఏడీ గారికే ఉందని చెప్పాడు.

“కూర్చోండమ్మా. ఏడీ గారు సాయంత్రం ఐదుకు గానీ రారు.”

* * *

ఏడీ గారు ఐదుకు రాలేదు. ఆరుకు టీవీలో వచ్చారు.

ఆఫీసు ఎదుటి టీ కొట్లో సన్యాసమ్మ, అప్పన్న ఆయన్ని చూశారు. పశువుల ఒంటరితనం మీద చర్చ. కింద ‘మీ గేదె మనసు మీకు తెలుసా?’ అని అక్షరాలు పరిగెడుతున్నాయి. ఒక మనస్తత్వ నిపుణుడు స్నేహితులు లేని గేదె పాలు తాగితే పిల్లలకు పరీక్షల భయం పట్టుకోవచ్చన్నాడు. ఒక ఆరోగ్య గురువు నెమరు వేయడం కూడా ధ్యానమేనని, మనుషులు అన్నాన్ని నూట ఎనిమిదిసార్లు నమలాలని చెప్పాడు. అది విని టీ కొట్లో ఒకాయన సమోసా నమలడం మొదలుపెట్టాడు. పశువైద్య కళాశాల నుంచి వచ్చిన ముసలి ప్రొఫెసరు, అసలు ఆ పరిశోధనలో ఉన్నవి ఆరే ఆరు ఆవులని అనబోతే యాంకరమ్మ చిన్న విరామం తీసుకుంది. విరామం తర్వాత ఆయన కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.

“మా డివిజన్‌లో ఈనాడు ఒంటరి పశువు ఒక్కటి కూడా లేదని సవినయంగా మనవి చేస్తున్నాను,” అన్నారు ఏడీ గారు.

సన్యాసమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

“మా రాణి మాట అడగండి బాబూ,” అంది టీవీతో. తొమ్మిదేళ్లుగా గేదెలతో మాట్లాడిన మనిషికి అదేమంత కొత్త కాదు.

* * *

బుధవారం పదిన్నరకు ఏడీ గారు దొరికారు. మిగిలింది ఆరున్నర గంటలు.

సన్యాసమ్మ, అప్పన్న బల్ల ముందు నిలబడ్డారు. నీలవేణి వెనక నిలబడి ఏదో కాగితం చూస్తోంది. ఏడీ గారు ఓపిగ్గా విన్నారు. పథకం మీద ఎవరికైనా ఇబ్బంది కలిగితే వినడం తన బాధ్యతన్నారు. నలభై మూడు గేదెలకు పదకొండు లారీలు పంపవలసిందిగా పైకి రాస్తానన్నారు. శుక్రవారం కమిషనరు గారి బృందం పథకాన్ని పరిశీలించడానికి వస్తోందని, అవార్డు ఖాయమని, ఈలోగా గీత దాటితే బాగుండదని కూడా చెప్పారు. ఆపరేషన్‌ను వచ్చే బుధవారానికి జరపగలరా అని డాక్టర్‌ను అడిగారు.

ఆపరేషన్ జరపవచ్చని, గేదె ఉండదని నీలవేణి చెప్పింది.

ఏడీ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “విడదీసి తీసుకెళ్తే గుండె ఆగిపోతుందమ్మా. శాస్త్రం ముందు మనమెంత?”

సన్యాసమ్మ ఆయన వెనక గోడ మీద చట్రం కట్టించిన ఫోటో చూస్తోంది. వేపచెట్టు. కుర్చీ. కుర్చీలో ఏడీ గారు, ఆయన భుజం మీదికి మెడ చాచిన రాణి.

“ఇదేటి బాబూ,” అంది. “ఆ రోజు మా రాణి కాడున్నది తమరే కదా. చిట్టి ఆ ఫొటోలోనే నేదు.”

నీలవేణి చేతిలోని కాగితం బల్ల మీద పరిచింది. అది కామేశ్వర్రావు గీసిన పటం. పొలం పటం గీసే అలవాటు కొద్దీ ఆయన మేకులతో పాటు వేపచెట్టు, జెండా కర్ర, చేతిపంపు అన్నీ కొలతలతో గుర్తించాడు.

“సార్, రాణి నుంచి చిట్టికి ఆరు అడుగులు. ఇక్కడ మూడు అడుగుల రెండు అంగుళాలు.”

“అక్కడేముంది?”

“మీ కుర్చీ సార్.”

రెండో నిబంధనలో పశువు అని లేదు, జీవి అని ఉంది. ఏడీ గారు దాన్ని మూడుసార్లు చదివారు. తాను అక్కడ కూర్చున్నది అరగంటేనని అన్నారు. నీలవేణి గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా ఏ భావమూ లేకుండా క్యాంపు డైరీ తెచ్చి పటం పక్కన పెట్టాడు. కుర్చీ కదలక స్వయముగా. మూడు రోజులు. పై విధంగా.

కామేశ్వర్రావుకు ఫోన్ చేశారు. కొలత తప్పిందేమోనని అడిగారు.

“నా కొలత తప్పని ఇంతవరకు ఏ కోర్టూ అనలేదు సార్,” అన్నాడాయన, అవతల టేపు చుట్టుకుంటూ.

చివరి ఆశగా ఏడీ గారు నాలుగో నిబంధన పట్టుకున్నారు. తాను వెళ్లాలంటే తన ప్రాణమిత్ర కూడా రావాలి కదా అన్నారు. గుమాస్తా పటం మీద వంగి వేలితో కొలిచాడు.

“మీకు అత్యంత సమీప జీవి కూడా రాణే సార్. గొలుసు ఇక్కడితో ఆగుతుంది.” వేలు తియ్యకుండానే, “ఇలా రెండు వైపులా సమానంగా ఉండటం చాలా అరుదు సార్,” అన్నాడు. మళ్లీ నిట్టూర్చాడు.

ఇప్పుడు రెండే దారులు. గణన తప్పని రాయాలి. అప్పుడు పథకం పోతుంది, అవార్డు పోతుంది, పెద్దాఫీసు కుర్చీ పోతుంది, డైరీ మీద విచారణ వస్తుంది. లేదా వ్యాను ఎక్కాలి.

పదకొండూ నలభైకి ఏడీ గారు ఫారం ఏడు మీద రెండు చోట్ల సంతకం చేశారు. ఒకటి అధికారిగా. ఒకటి ప్రాణమిత్రగా.

* * *

వ్యాను వెనక భాగంలో గడ్డి పరిచి రాణిని ఎక్కించేసరికి ఒంటిగంట. రాణి తల దగ్గర ఏడీ గారు. రాణిని ఆనుకుని సన్యాసమ్మ. ముందు సీట్లో డాక్టరమ్మ. అప్పన్న పట్టుకునే మనిషి కావాలని చెప్పి వెనక ఎక్కేశాడు.

వంతెన దగ్గర చెక్‌పోస్టు మనిషి ఫారం చదివి వెనక్కి వచ్చాడు. గేదెను చూశాడు. ఇంకో గేదె కోసం వెతికాడు.

“ప్రాణమిత్ర ఏదీ?”

“నేనే,” అన్నారు ఏడీ గారు.

“చెవిపోగు నంబరు రాయలేదు సార్. ఈ కాలమ్ ఖాళీగా ఉంటే బండి కదలదు.”

ఆ కాలమ్ ఖాళీగా ఉంటే కదలకూడదని రాసింది ఎవరో ఏడీ గారికి తెలుసు. ఉద్యోగి గుర్తింపు కార్డు మెడలోంచి తీసి ఇచ్చారు. చెక్‌పోస్టు మనిషి నంబరు రాసుకుని, నిబంధన ప్రకారం చెవి వైపు కూడా ఒకసారి చూసి, గేటు ఎత్తాడు. రెండుంబావు.

మూడూ నలభైకి జిల్లా ఆసుపత్రిలో రాణిని ఇనుప చట్రంలో నిలబెట్టారు. డొక్క మొద్దుబారేందుకు ఇంజెక్షన్లు పడ్డాయి. రాణి బెదిరి చట్రాన్ని ఊపేస్తోంది. ప్రాణమిత్రను తల దగ్గర నిలబడి మాట్లాడమని నీలవేణి చెప్పింది.

ఏం మాట్లాడాలో ఏడీ గారికి తోచలేదు. గేదెలతో ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికి నోటికొచ్చినవి చెప్పడం మొదలుపెట్టారు. పశు మైత్రీ పథకం, ఉద్దేశములు, పరిధి, నిర్వచనములు. రెండో నిబంధన దగ్గరకొచ్చేసరికి రాణి చెవులు వాలిపోయాయి. ఆరో నిబంధన దగ్గర కళ్లు మూతలు పడ్డాయి.

గుండె నిమిషానికి తొంభై నుంచి అరవై నాలుగుకు దిగిందని పక్కనున్న డాక్టర్ చెప్పాడు. ఏడీ గారి మొహం వెలిగిపోయింది.

నీలవేణి డొక్క కోసి, భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి వెతికింది. సన్యాసమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నాలుగూ ఇరవైకి చెయ్యి బయటికొచ్చింది. ముందు ప్లాస్టిక్ సంచుల ముద్ద. తర్వాత ఒక నైలాను తాడు, లాగే కొద్దీ వస్తూనే ఉంది. తాడంతా జరీ. చివర్న గుండ్రటి అట్ట బిళ్ల. దాన్ని కడిగితే ‘గౌరవనీయులు’ అన్న అక్షరాలు కనపడ్డాయి. తర్వాతి పేరు రాణి అరిగించుకుంది.

దండను ఎవరూ పట్టుకుపోలేదని తేలింది.

కుట్లు వేస్తుండగా అప్పన్న దాన్ని ఒక కవరులో వేసి ఏడీ గారికిచ్చాడు. “తమదేనండీ,” అన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి రాణి నెమరు వేస్తోంది. సన్యాసమ్మ దాని దవడ కదలడం చూస్తూ నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

* * *

శుక్రవారం కమిషనరు గారి బృందానికి ఏడీ గారి నివేదిక అందింది. ప్రాణమిత్ర సమక్షంలో శస్త్రచికిత్స, గుండె వేగంలో తగ్గుదల, సంపూర్ణ విజయం. దండ సంగతి అందులో లేదు. అవార్డు వచ్చింది. పథకం రాష్ట్రమంతా వర్తింపజేశారు. ఆపరేషన్‌కు వెళ్లే ప్రతి పశువు వెంటా ఒక అసిస్టెంట్ డైరెక్టర్ ఉండాలని ఉత్తర్వులు వచ్చాయి. ఇతర జిల్లాల ఏడీలు చిదంబరరావుకు ఫోన్లు చేసి అభినందించారు. ఆ అభినందనలు రాయదగ్గవి కావు.

నెలన్నరకు ఆయన ఎదురుచూస్తున్న ఉత్తర్వు కూడా వచ్చింది. జాయింట్ డైరెక్టరుగా పదోన్నతి, రాజధానికి బదిలీ. కింద ఒక చిన్న షరతు: ‘సదరు అధికారి రిజిస్టరు ప్రకారం ఒక పశువునకు ప్రాణమిత్ర అయినందున, మూడో నిబంధన ననుసరించి, విడిపోవుటకు అభ్యంతరం లేదని ఫారం ఏడుపై పశువు యజమాని ధ్రువీకరణ జతచేయవలెను. ధ్రువీకరణకు ముందు పశువు మనోస్థితిని మిత్రుని సమక్షంలో పరిశీలించవలెను.’ గడువు ఆ సాయంత్రం ఐదు.

ఉదయం పదకొండు గంటలకు ఏడీ గారు గుర్రమ్మపాలెంలో జీపు దిగారు. సన్యాసమ్మ గుమ్మం పొడిగా ఉంది. మురుగు ఇప్పుడు వేరే వైపు పోతోంది. ఆమె ఫారం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పన్న లోపల్నుంచి కుర్చీ తెచ్చి, రాణి ఖాళీ మేకు దగ్గర వేశాడు. వేసి, అడుగుతో కొలిచి, కొంచెం ముందుకు జరిపాడు.

ఒక్క వేలిముద్రే కదా, ఇప్పుడే వేసేయొచ్చు కదా అని ఏడీ గారు అడిగారు.

“అదెలాగ బాబూ,” అంది సన్యాసమ్మ, ఆయన టీవీలో మాట్లాడినంత మర్యాదగా. “దాని మనసు దాన్నడగకండా నానెలా సెప్తాను? కూకోండి. మెయ్యడానికెల్లింది. సాయంత్రం అయిదుకి గానీ రాదు.”